ముక్కు మూసుకునే పెద్దమనుషులకు

మలం గురించి రాస్తున్నాను. నచ్చనివాళ్ళు ఇప్పుడే పేజీ తిప్పేయండి, నాకేం బెంగ లేదు. తిప్పేముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పి వెళ్ళండి. మీ అమ్మకో, అత్తకో, భార్యకో తుమ్మినప్పుడు, మెట్లెక్కినప్పుడు, బిందె ఎత్తినప్పుడు బట్టల్లో దొడ్డి జారుతోందా? తెలీదు. ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద ఉంటున్నారు, ఆవిడ చేతి అన్నం తింటున్నారు, ఆవిడ షుగరెంతో బీపీ ఎంతో గడగడా చెప్పేస్తారు. ఇది మాత్రం తెలీదు. ఎందుకంటే ఏనాడూ అడగలేదు.

"ఛీ, పత్రికలో రాసే విషయమా ఇది?" అంటారు. ఆ "ఛీ"కి భయపడే ఎంతోమంది ఆడవాళ్ళు, మగవాళ్ళు నోరు మూసుకుని ఇంట్లోనే మగ్గిపోతున్నారు. కాబట్టి పత్రికలోనే రాస్తాను, పచ్చిగానే రాస్తాను.

అమెరికాలో 2005-06లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో మామూలుగా ఇళ్ళలో ఉంటున్న పెద్దవాళ్ళని అడిగారు. నెలలో ఒక్కసారైనా మలం ఆపుకోలేకపోయామని చెప్పినవాళ్ళు నూటికి 8.3 మంది. ఆడవాళ్ళలో 8.9, మగవాళ్ళలో 7.7. అంటే మీసం మెలేసి కూర్చున్న మగాళ్ళకీ ఈ బాధ దాదాపు సమానంగానే ఉంది. మనవాళ్ళ కండరాలేమీ వేరే మట్టితో చేసినవి కావు. మన దగ్గరా ఉంది. మనం దాన్ని మోకాళ్ళ నొప్పి అని, కళ్ళు తిరుగుతున్నాయని, ఉపవాసమని పేర్లు మార్చి చెప్పుకుంటున్నాం, అంతే.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ముగ్గురు పిల్లలు. మొదటి కాన్పు ఫోర్సెప్స్ వేసి తీశారు. ఏ పెళ్ళికైనా వెళ్ళాలంటే ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేస్తుంది. కట్టేవన్నీ ముదురు రంగు చీరలే. చేతిసంచి అడుగున పాలిథిన్ కవరు, అందులో మడతపెట్టిన లంగా, ఉతికి ఆరేసిన పాత చీర ముక్కలు. ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టగానే పెళ్ళికూతురి కోసం కాదు, బాత్రూం ఎటుందా అని చూస్తుంది. దాని పక్క వరసలో చివరి కుర్చీ పట్టుకుంటుంది. తిరుమల మొక్కు అలాగే ఉండిపోయింది. క్యూ కాంప్లెక్సులో తలుపులేసి గంటలకొద్దీ కూర్చోబెడితే తన గతేమిటని ఆవిడ భయం. మైలబడ్డానన్న అనుమానంతో పూజగదిలోకీ పోవడం మానేసింది. కోడలేమో "అత్తయ్యకి ఈమధ్య భక్తి తగ్గింది" అంటుంది. ఆవిడ నెలనెలా డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. మోకాళ్ళు చూస్తాడు, మాత్రలు రాస్తాడు. ఈ ఒక్క మాట ఆయన అడగడు, ఆవిడ చెప్పదు. బయట వరండాలో కొడుకు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

ఆ కొడుకుని చూస్తే నాకు మండిపోతుంది. తల్లి కాళ్ళకి దండం పెట్టుకుంటూ ఫోటోలు దిగుతాడు. మాతృదేవోభవ అని స్టేటస్ పెడతాడు. తనని కన్న కాన్పులో ఆ తల్లికి ఏం చిరిగిందో ఏనాడూ ఆలోచించలేదు.

ఏం చిరుగుతుందో వినండి. పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక వెన్నెముక కొసదాకా అడుగున కండరాల పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు కొస అన్నిటినీ కింద నుంచి మోసేది అదే. అందులో ప్యూబోరెక్టాలిస్ అనే కండరం పేగు కొసని వెనక నుంచి వడిసెల తాడులా చుట్టి ముందుకి లాగి పట్టుకుంటుంది. ఆ లాగుడుకి పేగు దాదాపు లంబకోణంలో వంగి దారి మూసుకుంటుంది. దాని దిగువన రెండు వలయాలు. లోపలి వలయం మన మాట వినదు, రాత్రీ పగలూ తనంతట తనే బిగిసి ఉంటుంది. బయటి వలయం మన చెప్పుచేతల్లో ఉంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు గాలి ఆపుకునేది దానితోనే. లోపలిది దెబ్బతింటే మనకి తెలియకుండానే జారుతుంది. బయటిది బలహీనపడితే వస్తోందని తెలుస్తుంది గానీ బాత్రూం దాకా చేరే వ్యవధి ఉండదు.

బిడ్డ తల ఈ కండరాలని సాగదీసుకుంటూనే బయటికి రావాలి. 1993లో సుల్తాన్, ఆయన తోటి వైద్యులు లండన్‌లో తొలికాన్పు ఆడవాళ్ళకి ఆ వలయాల అల్ట్రాసౌండ్ తీసి చూశారు. నూటికి 35 మందికి కాన్పు తర్వాత గాయం కనబడింది. వాళ్ళలో చాలామంది విషయంలో కాన్పు గదిలో ఎవరూ ఏమీ గమనించలేదు. పైన కుట్లు వేశారు, బిడ్డ బరువు రాశారు, ఇంటికి పంపారు. వయసులో ఉన్నంతకాలం మిగిలిన కండరం ఎలాగో లాక్కొస్తుంది. ముట్లుడిగాక, ఒళ్ళు సడలాక, షుగరొచ్చాక పాత గాయం బయటపడుతుంది. అప్పుడు అది "వయసు మీద పడటం" అయిపోతుంది. ఎప్పుడో కాన్పు గదిలో చిరిగిన కండరానికి వయసు పేరు పెట్టి అందరూ చేతులు దులుపుకుంటారు.

"అందుకేనమ్మా సిజేరియన్ చేయించుకోమన్నాం" అనే నర్సింగ్ హోం వాళ్ళు కూడా కాస్త ఆగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు కోతతోనే. ఈ కోతలు మలం జారకుండా వేసిన తాళాలేం కావు. తొమ్మిది నెలల బరువు మోసింది ఆ కండరాలే. ఏళ్ళ తరబడి మలబద్ధకంతో ముక్కితే, షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే, కోత పడిన పొట్టకీ పడని పొట్టకీ తేడా ఏముంది?

మన ఇళ్ళలో బాలింతకి జరిగే సేవ తక్కువేం కాదు. పత్యం పెడతారు, వేడినీళ్ళు పోస్తారు, సాంబ్రాణి ధూపం వేస్తారు. పొట్ట జారకుండా నడికట్టు కడతారు. జారిన పొట్ట నలుగురికీ కనబడుతుంది గనక దానికి కట్టు ఉంది. చిరిగిన కండరం ఎవరికీ కనబడదు గనక దానికి ఏమీ లేదు. నానమ్మకి తెలీదు, నర్సుకి తీరిక లేదు, డాక్టరమ్మ డిశ్చార్జి కాగితంలో ఐరన్ మాత్రలు రాస్తుంది. గాలి ఆగట్లేదని పచ్చి బాలింత సిగ్గుతో చెబితే "కాన్పయ్యాక అంతే, సర్దుకుంటుంది" అంటారు. సర్దుకునేది కండరం కాదు, ఆ పిల్ల.

ఇక మగవాళ్ళ విషయం. ఏ ఊరి బస్టాండు గోడైనా చూడండి. మొలలు, ఫిషర్, ఫిస్టులా, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ. డిగ్రీ లేని చేయి కోసినా, మందు పెట్టి కాల్చినా ముందు పోయేది ఆ వలయమే. చదువుకున్న సర్జన్ చేసే ఫిస్టులా ఆపరేషన్‌లో కూడా ఒక్కోసారి కండరంలో కొంత కోయక తప్పదు. ఆ మాట రోగికి ముందే చెప్పాలి. సంతకం పెట్టించుకునే కాగితం మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటే చెప్పినట్టు కాదు. ఆపరేషనయ్యాక ఆఫీసులో కుర్చీ లోంచి లేవడానికి భయపడే మగాడు ఎవరితో చెప్పుకుంటాడు? స్నేహితులతో చెబితే నవ్వుతారు, భార్యతో చెబితే పరువు పోతుందని అతని భయం.

ఇంత బాధకి మొట్టమొదట చేయాల్సిన వైద్యం ఏమిటో తెలుసా? ఆ పెల్విక్ ఫ్లోర్ కండరాలని బిగించి వదిలే ఒక వ్యాయామం. దానికి పరికరం అక్కర్లేదు, జిమ్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీవైద్యుడు దీని మీద పత్రం అచ్చువేశాడు. ఆయన చూసింది ప్రధానంగా మూత్రం జారే ఆడవాళ్ళని. అదే కండరాలకి వెనక దారిని మూసే పని కూడా ఉంది గనక మలం విషయంలోనూ ఇదే దారి పట్టారు. ఇంతకీ తెలుగులో ఈ కెగెల్ వ్యాయామం పేరు ఎక్కడ వినబడుతుంది? మగవాడి సుఖం గురించి రాసే సలహాల శీర్షికల్లో. కాన్పు తర్వాత "బిగుతు" గురించి వాగే వీడియోల్లో. ఒక ఆడదాని కండరం ఆమె మొగుడికి పనికొచ్చేంతవరకే వీళ్ళకి ముఖ్యం. అదే కండరం ఆమె పరువు నిలబెట్టడానికి పనికొస్తుందని చెప్పడానికి మాత్రం నోరు రాదు. సిగ్గుపడాలి.

యోగా గురువుల వరస వేరు. ఘేరండ సంహితలో అశ్వినీ ముద్ర ఉంది, గుదాన్ని మళ్ళీమళ్ళీ బిగించి వదలడమే అది. మూలబంధం ఉంది. సుశ్రుతుడు గుదంలో మూడు వళులున్నాయని వాటి పనులతో సహా చెప్పాడు. ఈ నేల మీద పూర్వీకులెవరూ ఆ భాగాన్ని చూసి ముక్కు మూసుకోలేదు. మన గురువులు మాత్రం వేదికెక్కి కుండలిని లేస్తుందని చెబుతారు. అయ్యా, కుండలిని సంగతి తర్వాత. ఎదురుగా మూడో వరసలో కూర్చున్న ఆవిడ గంటసేపు ఆపుకోలేక మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఆవిడకి ఇది ఎందుకు, ఎన్నిసార్లు, ఎలా చేయాలో విడమరచి చెప్పండి.

మీరు చెప్పకపోతే నేను చెబుతాను. కుర్చీలో మోకాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి కూర్చోండి, లేదా వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. నలుగురి మధ్య ఉన్నారు, గాలి వస్తోంది, ఆపాలి. అప్పుడు ఏం బిగిస్తారో దాన్నే బిగించండి. బిగించి లోపలికి, పైకి లాక్కోండి. పిరుదులు నొక్కకూడదు, తొడలు దగ్గరకి రాకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పైకి చూసేవాళ్ళకి మీరేదో చేస్తున్నారని తెలిసిందంటే ఎక్కడో తప్పు చేస్తున్నట్టే. పైకే లెక్కపెట్టండి, మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు. అయిదు దాకా పట్టి ఉంచి వదలండి. వదలడం కూడా వ్యాయామమే, పూర్తిగా సడలేదాకా పది లెక్కపెట్టండి. ఇలా నిదానంగా అయిదు నుంచి పది. తర్వాత గబగబా బిగించి వదిలేవి ఇంకో పది. రోజుకి మూడుసార్లు. బలం వచ్చేకొద్దీ పట్టి ఉంచే సమయాన్ని అయిదు నుంచి పదికి పెంచండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం అలవాటుగా చేయొద్దు, మూత్రసంచికి మంచిది కాదు.

పదిరోజులు చేసి "ఏమీ లేదు" అని వదిలేసేవాళ్ళకి నా దగ్గర జాలి లేదు. కండరం పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. భుజాలు పెరగాలని జిమ్‌కి ఏడాది డబ్బు కట్టే మీ అబ్బాయికి ఈ సంగతి తెలుసు.

అయితే కాగితం మీద చదివి చేస్తే సరిపోతుందా? సరిపోదు. 1991లో అమెరికాలో బంప్ అనే వైద్యుడి బృందం ఆడవాళ్ళకి నోటిమాటగా ఈ వ్యాయామం చెప్పి, ఎలా చేస్తున్నారో కొలిచి చూసింది. సరిగ్గా చేసినవాళ్ళు సగం మందే. నాలుగో వంతు మంది బిగించడానికి బదులు కిందికి ముక్కుతున్నారు. అంటే మేలు సంగతి అటుంచి, కీడు జరిగే పద్ధతిలో చేస్తున్నారు. పడుకుని గుదం పక్కన వేలు ఆనించి చూసుకోండి. బిగించినప్పుడు చర్మం లోపలికి, పైకి పోవాలి. వేలి మీదికి ఉబికిందంటే ముక్కుతున్నట్టు. ఎటూ తేలకపోతే ఈ పనిలో తర్ఫీదున్న ఫిజియోథెరపిస్టు కావాలి. కెగెల్ కూడా ఊరికే మాట చెప్పి పంపలేదు, కండరం ఎంత బిగుస్తోందో చూపించే పెరినియోమీటర్ అనే పరికరం చేశాడు. ఆయన పేరు మిగుల్చుకుని ఆయన శ్రద్ధని పారేశారు మనవాళ్ళు.

ఈ వ్యాయామం మీద అనుమానాలు రేపే చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. 2003లో లండన్‌లో క్రిస్టీన్ నార్టన్ బృందం 171 మంది మీద చేసిన పరిశోధన చూపిస్తారు. కేవలం సలహాలిచ్చిన గుంపుకీ, వ్యాయామం నేర్పిన గుంపుకీ, పరికరంతో శిక్షణ ఇచ్చిన గుంపుకీ తేడా కనబడలేదు. నిజమే. కానీ అన్ని గుంపుల్లోనూ సుమారు సగం మంది మెరుగయ్యారు! కూర్చోబెట్టి అడిగారు, విన్నారు, తిండి గురించీ బాత్రూం అలవాట్ల గురించీ చెప్పారు. అంతమాత్రానికే సగం మంది మెరుగయ్యారంటే, ఆ పాటి కూడా చేయని మన ఆస్పత్రుల్ని ఏమనాలి? 2009లో హేమెన్ బృందం ఇంకో పరిశోధన చేసింది. మామూలు సలహాలతో బాగుపడనివాళ్ళని తీసుకుంది. వ్యాయామం మాత్రమే నేర్చినవాళ్ళలో నూటికి 41 మందికి, పరికరం సాయంతో బిగింపుని చూసుకుంటూ నేర్చినవాళ్ళలో 76 మందికి తగినంత ఉపశమనం దొరికింది. నేర్పే తీరులోనే అంతా ఉంది. రెండు నిమిషాలు మాట్లాడి పంపేసి, వ్యాయామం పనిచేయదని ప్రచారం చేసేవాళ్ళు ముందు సరిగ్గా నేర్పి చూపించాలి.

వ్యాయామం ఒక్కటే సర్వరోగ నివారిణి అని నేను చెప్పను. పూర్తిగా తెగిన వలయాన్ని బిగింపులు అతికించలేవు, దానికి సర్జన్ కావాలి. మలం పలచగా ఉంటే ఎంత బలమైన కండరమైనా ఆపలేదు. దాన్ని గట్టిపరచడానికి ఇసబ్‌గోల్ లాంటి పీచు చాలామందికి పనికొస్తుంది. షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ కొందరికి విరేచనాలు చేస్తుంది. మాత్ర మానేయకండి, డాక్టర్‌కి చెప్పండి, రకం మార్చి ఇవ్వగలడు. ఒక్కసారిగా వచ్చినప్పుడు పరిగెత్తకండి. నిలబడి లేదా కూర్చుని బిగించండి, ఆ తోపు తగ్గాక నిదానంగా నడవండి.

మంచాన పడ్డ ముసలివాళ్ళ విషయంలో జరుగుతున్న అన్యాయం ఇంకొకటి. పేగులో మలం గడ్డకట్టి అడ్డుపడితే దాని పక్కనుంచి నీళ్ళలా కారుతుంది. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుని ఆపే మాత్రలు వేస్తారు. గడ్డ ఇంకా బిగుస్తుంది, కారడం ఇంకా పెరుగుతుంది. చివరికి డైపర్ కట్టేసి చేతులు కడుక్కుంటారు. డైపర్ కట్టడం తప్పని నేను అనను, అవసరమైనవాళ్ళకి అది పెద్ద ఆసరా. వేలు పెట్టి పరీక్ష కూడా చేయకుండా డైపర్ రాసే డాక్టర్‌ది మాత్రం తప్పే. మలంలో రక్తం పడినా, ఉన్నట్టుండి అలవాటు మారినా, బరువు తగ్గుతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి మలమూత్రాల పట్టు ఒక్కసారిగా పోయినా వ్యాయామం చేస్తూ కూర్చోవద్దు. చివరిదైతే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, వెన్నెముక నరాలు నలుగుతున్నాయేమో చూడాలి.

డాక్టర్లతో ఒక మాట. "రోగి చెప్పలేదు కదా" అనడం మీకు తగదు. 2007లో ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ముప్పు ఎక్కువున్నవాళ్ళని వైద్యులే చొరవ తీసుకుని, నొప్పించకుండా అడగాలని ఉంది. రోగి తనంతట తాను చెప్పడని అక్కడివాళ్ళకి తెలుసు. మీకూ తెలుసు. ఫ్రాన్స్‌లో ప్రసవమైన ఆడవాళ్ళకి ఈ కండరాల శిక్షణకయ్యే ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. అక్కడ ఇది దయ కాదు, బాలింత హక్కు.

"మనది పేద దేశం" అని అప్పుడే మొదలుపెట్టకండి. కొత్త భవనాలు కట్టమని నేనడగడం లేదు. మన దగ్గర ఆస్పత్రి కాన్పయిన ప్రతి ఇంటికీ ఆశా కార్యకర్త ఆరుసార్లు వెళ్ళాలని జాతీయ కార్యక్రమంలోనే ఉంది: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. బిడ్డని తూస్తుంది, జ్వరం చూస్తుంది, పాలు తాగుతోందా అని అడుగుతుంది. గడప దాకా, మంచం దాకా వెళ్ళిన మనిషి ఆవిడ. తల్లి ఆవిడకి చెప్పినట్టు డాక్టర్‌కి చెప్పదు, మొగుడికి అసలే చెప్పదు. ఆ చివరి సందర్శనలో "గాలి గానీ దొడ్డి గానీ ఆపుకోలేకపోతున్నావా అమ్మా?" అని ఒక్క ప్రశ్న ఆవిడ చేత అడిగించండి. అవునన్నవాళ్ళని జిల్లా ఆస్పత్రిలో పరీక్ష చేసి నేర్పే ఒక్క ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టండి. ఆశాకి ఇప్పటికే నడ్డి విరిగేంత పని మోపారు, ఈ పని ఊరికే చేయమంటే ఊరుకోను. తర్ఫీదు ఇవ్వండి, డబ్బివ్వండి. దీనికి నిధులు లేవని చెప్పే అధికారి ఎవరో ఆ ఫైలు మీద తన పేరు రాసి సంతకం పెట్టాలి.